చలి కారే తలుపు

సోమవారం ఉదయం, బెల్టు మీద బఠాణీలు గలగలా దొర్లుకొస్తున్న వేళ, ఆమె ముక్కులో ఎవరో సూదితో గుచ్చినట్టయింది.

చేతులు ఆగలేదు. ఆగడానికి వీల్లేదు. గడ్డకట్టి గులకరాళ్లలా ఉన్న బఠాణీల్లోంచి పగిలినవీ, పసుపు తిరిగినవీ, కాడముక్కలూ ఏరి పక్కనున్న తొట్టిలో పడేస్తూనే, తల కాస్త పైకెత్తి మళ్లీ గాలి పీల్చింది. ఈసారి ఏమీ లేదు. మంచు వాసన, రబ్బరు గ్లౌజుల వాసన, అంతే.

"జలుబు చేసిందా?" అంది కుడిపక్క నిలబడ్డ మోకాళ్లక్క. చలికి కీళ్లు పట్టేసి కుంటుతుంది కాబట్టి హాలు మొత్తానికి ఆవిడ మోకాళ్లక్కే.

"కాదక్కా. ఏదో ఘాటుగా తగిలింది. నీకేం రాలేదూ?"

"నా ముక్కు పనిచేసి పదేళ్లయింది. ఊరికే మొహానికి అందంగా ఉంటుందని ఉంచుకున్నా."

ఆమె నవ్వబోయింది. అంతలో మళ్లీ తగిలింది. ఈసారి కళ్లలో కూడా సన్నటి మంట. అదేమిటో ఆమెకి తెలుసు. నాలుగు నెలల కిందట కంపెనీ చలి యంత్రాల్లో గ్యాసు మార్చినప్పుడు అందర్నీ కూర్చోబెట్టి, చిన్న సీసా మూత తీసి దూరం నుంచి వాసన చూపించారు. పాత గ్యాసు ఆకాశాన్ని పాడుచేస్తుందిట. కొత్తది అమ్మోనియా, దానితో ఆకాశానికి ఏ హానీ లేదు. "మనిషికి మాత్రం పడదు. ఈ వాసన వస్తే పని అక్కడే వదిలేసి, దగ్గర్లో ఉన్న తలుపులోంచి బయటికి పోవాలి," అన్నాడు ఆ వచ్చినాయన.

దగ్గర్లో ఉన్న తలుపు.

ఆమె మెడ తిప్పి చూసింది. బెల్టు అంతమయ్యేచోట, హాలు చివర, ఆమె చెల్లెలు నిలబడి సంచుల మూతులు అతికిస్తోంది. చెల్లెలి వీపు వెనకే వెనక తలుపు. ఇప్పుడది తలుపులా లేదు, గోడలో కలిసిపోయింది. అంచుల వెంట నురగ నింపి, దాని మీద రబ్బరు పట్టీకి మేకులు కొట్టి, ఆ పైన తెల్లటి మందపాటి అట్ట బిగించారు. అట్ట మీద ఆకుపచ్చ అక్షరాలు: ‘చలిని కాపాడదాం, విద్యుత్తు ఆదా చేద్దాం’.

దాన్ని మూయించింది ఆమే. కింద సందులోంచి చలి బయటికి కారిపోతోందని, గడప మీద మంచు పేరుకుంటోందని సలహాల పెట్టెలో కాగితం వేసింది. పదకొండు రోజుల కిందట మూసేశారు. ఆ మర్నాడే గేటు దగ్గర బోర్డు మీద ‘నిన్న ఆదా అయిన యూనిట్లు’ అన్న అంకె రెండొందల నుంచి ఆరొందల నలభైకి ఎగబాకింది. ఆమెకి ‘శక్తిమిత్ర’ అని బిరుదిచ్చి, ఫొటో తీసి గేటు దగ్గర పెట్టారు. హాల్లో ఆడవాళ్లు అందులో శక్తిని తీసేసి మిత్రని మిగిల్చారు. మిత్రా, ఆ తొట్టి ఇటు జరుపు. మిత్రా, ఫొటోలో నువ్వు నవ్వావా, తుమ్మావా? ఆ వెక్కిరింపు కూడా ఆమెకి తియ్యగానే ఉండేది, ఈ ఉదయం దాకా.

టీ విరామంలో సూపర్‌వైజర్‌ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన తన ముక్కు ఎగబీల్చి చూసుకుని, "నీ ఒక్కదానికే వస్తోందా?" అన్నాడు. "నాకు తెలిసే విషయం కాదమ్మా ఇది. ఇంజనీరుగారికి చెప్పుకో."

ఇంజనీరు మర్యాదస్తుడు. ఆమె సలహాని చక్కటి భాషలో తిరగరాసి పెద్దాఫీసుకి పంపింది ఆయనే. "కూర్చోండమ్మా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. బూట్లకి అంటిన మంచు కరిగి గచ్చు మీద మరకలు పడుతుంటే వాటినే చూస్తూ చెప్పింది.

ఆయన కంప్యూటర్‌ తెర ఆమెవైపు తిప్పాడు. "మీ హాల్లో ముందు తలుపు పైన గ్యాసు కనిపెట్టే యంత్రం ఉంది కదా. ఇప్పుడు అది చూపిస్తున్నది నాలుగు. ఇరవై ఐదు దాటితే సైరన్‌ మోగుతుంది. నాలుగంటే ఏమీ లేనట్టే."

"మేం నిలబడేది ముందు తలుపు దగ్గర కాదు సార్. వెనక చివర."

ఆయన వేలు తెర మీద ఒక్క క్షణం ఆగింది. "హాలంతా ఒకటే గాలి కదమ్మా," అన్నాడు. "గురువారం బయటినుంచి తనిఖీకి వస్తున్నారు. మొత్తం కంపెనీలో కాలుష్యం బాగా తగ్గించింది మనమేనని రాసిస్తారు. మీ తలుపు గురించి ప్రత్యేకంగా చెప్పి ఉంచాను. ఇలాంటప్పుడు మీరే వాసనా గీసనా అంటే ఎలా?"

"ఆ అట్ట ఒక్కటి తీయించండి సార్. మిగతాది మేం చూసుకుంటాం."

"తీస్తే లెక్క పడిపోతుంది. ఎందుకు పడిందని పైనుంచి అడుగుతారు. కరెంటు ఎక్కువ తాగే హాళ్లని మూసేస్తున్నారని వినలేదా? నలభైమంది ఉన్నారు మీ హాల్లో." మెత్తగానే అన్నాడు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుండగా సందు మొదట్లో చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊపిరి బిగపట్టు. కళ్లు మూసుకుని, ఈ గోడ పట్టుకుని నడువు."

"ఏంటక్కా ఇది, దారిన పోయేవాళ్లు చూస్తున్నారు!"

"నడవ్వే. నీ చోటు నుంచి ముందు తలుపు దాకా, మూడు బెల్టులూ చుట్టి, తొంభై ఆరు అడుగులు. ఇవాళ లెక్కపెట్టా."

చెల్లెలికి ఇదేదో ఆటలా తోచింది. బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని, చెయ్యి గోడకి రాసుకుంటూ బయల్దేరింది. ఆమె పక్కనే నడుస్తూ లెక్కపెట్టింది. ముప్ఫై దగ్గర చెల్లెలి మెడ నరాలు ఉబ్బాయి. నలభై దాటాక అడుగు తడబడింది. యాభై రెండు దగ్గర ‘హా’ అని నోరు తెరిచి, గోడకి జారగిలబడి నవ్వడం మొదలెట్టింది.

"ఆ బూట్లు కూడా ఉంటే ఇరవైకే చచ్చేదాన్ని! అదే నీ తలుపుంటేనా, ఆరడుగులేగా..."

అనేసి అక్క మొహం చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ ఇంటికి నడిచారు.

మంగళవారం వాసన ఆమె ఒక్కదానికే కాదు, నలుగురైదుగురికి తెలిసింది. చెల్లెలు మాటిమాటికీ మోచేతి బట్టతో కళ్లు ఒత్తుకుంటోంది. అవతలి బెల్టు మీంచి ఒకావిడ, "మిత్రా, నీ తలుపు తియ్యవే తల్లీ, ఊపిరాడట్లేదు!" అని కేకేసింది. కొందరు నవ్వారు. ఆమె బఠాణీల మీదికి ఇంకాస్త వంగింది.

సూపర్‌వైజర్‌ బెల్టుల మధ్య నిలబడి చప్పట్లు చరిచాడు. "ఒంట్లో బాగోలేనివాళ్లు ఇంటికి పోవచ్చు. రేపు కూడా రానక్కర్లేదు, ఎల్లుండి కూడా." ఆ తర్వాత ఎవరి ముక్కుకీ ఏ వాసనా రాలేదు.

భోజనాల గంట కొట్టాక హాలు ఖాళీ అయింది. "నువ్వు పద, నేనొస్తా," అని చెల్లెల్ని పంపేసింది. బెల్టులు ఆగిపోతే హాలు చెవుల్లో హోరుమంటుంది. అట్టపెట్టెల టేపు కోసే కత్తి తీసుకుని, వంగి, దొంగలా వెనక తలుపు దగ్గరికి వెళ్లింది.

అట్టకి నాలుగు మూలలా నాలుగు మరలు. కత్తి మొన పెట్టి తిప్పితే ఒకటి వదులైంది. రెండోది జారి వేలు తెగింది. గ్లౌజులో రక్తం వెచ్చగా తెలిసింది కానీ చూసుకోలేదు. నాలుగూ ఊడదీసి అట్ట పక్కకి జరిపాక రబ్బరు పట్టీ. చలికి అది చెక్కలా బిగుసుకుపోయింది. మేకు మేకుకీ మధ్య కత్తి దూర్చి లాగుతుంటే కీచుమని చప్పుడు, ఆ చప్పుడు అయినప్పుడల్లా ఆగి ముందు తలుపుకేసి చూస్తోంది. తనకి పేరు తెచ్చిన పని, తన చేతుల్తోనే, ఎవరూ చూడకుండా...

వెనక అడుగు చప్పుడైంది.

ఆమె కత్తి ఒడిలో దాచుకుని అలాగే ఉండిపోయింది.

"ఆ వాటంగా కోస్తే సాయంత్రం దాకా పడుతుంది," అంది మోకాళ్లక్క. మెట్లు దిగలేక ఆవిడ హాలు పక్కనే భోజనం చేస్తుంది. ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చి, పక్కనున్న పెట్టె మీద కూలబడింది. "ఇలా తే. నువ్వు పట్టీ పట్టుకో, నేను కోస్తా."

"నీకు వాసన రాదుగా అక్కా."

"మీ మొహాలు కనిపిస్తున్నాయిగా."

ఇద్దరూ కలిసి కోశారు. నురగ పొడుగ్గా, పెళుసుగా విరిగి కాళ్ల దగ్గర పడింది. దాన్ని చెత్తసంచిలో కుక్కారు. చివరికి ఆమె గడియ లాగి భుజంతో తోసింది. తలుపు ఒక మూలుగు మూలిగి తెరుచుకుంది.

పట్టపగటి వెలుగు మొహాన కొట్టింది. వెనక పెరడు, అవతల చలి యంత్రాలుండే మెషిన్‌రూమ్‌ గోడ. గోడకి పైన మూడు పెద్ద ఫ్యాన్లు, రెక్కల మధ్య సాలెగూడు. ఆ గోడ నీడలో మెషిన్‌రూమ్‌ ఆపరేటరు పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. వాళ్లని చూశాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆమె తలుపు మళ్లీ దగ్గరికి లాగింది. అట్టని యథాప్రకారం ఆనించింది. దూరం నుంచి చూస్తే ఏ తేడా లేదు. చెల్లెలు భోజనం నుంచి రాగానే చెవిలో చెప్పింది: "అట్ట పక్కకి నెట్టు, గడియ లాగు, పో. నాకోసం చూడకు."

బుధవారం ఉదయం గేటు దగ్గర అడుగు పడలేదు. బోర్డు చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఓరగా చూసింది. ఆరొందల ముప్ఫై తొమ్మిది. సగం రోజే కదా తెరిచింది, రేపు తెలుస్తుందిలే అనుకుంది. ఆ రోజంతా గడప కిందనుంచి చలి పాములా జారి బయటికి పోతుంటే ఆమెకి కనిపిస్తూనే ఉంది. గడప మీద మంచు మళ్లీ తెల్లగా పేరుకుంది. ఒక్కో గంటా గడిచేకొద్దీ, తన పేరు మీద ఎన్ని యూనిట్లు కారిపోతున్నాయో లెక్కేసుకుంది. ఇంజనీరు రెండుసార్లు హాల్లోకి వచ్చి వెళ్లాడు. రెండుసార్లూ ఆమె బఠాణీల మీద నుంచి చూపు ఎత్తలేదు. మంచి బఠాణీలు కూడా తొట్టిలో పడేస్తోందని మోకాళ్లక్క మోచేత్తో పొడిచింది.

గురువారం ఉదయం బోర్డు మీద ఆరొందల నలభై ఒకటి.

"అమ్మయ్య! రెండు పెరిగాయి కూడా," అంది చెల్లెలు.

ఆమె కదల్లేదు. వెనకవాళ్లు ‘దారివ్వమ్మా’ అంటున్నా బోర్డు వంకే చూస్తోంది. తలుపు మూస్తే పెరిగిన అంకె, తలుపు తెరిస్తే తగ్గాలి కదా. తగ్గలేదంటే ఆ యూనిట్లు తలుపువి కావు. మరి ఎక్కడివి? ఆ రోజు ఇంకేం ఆపేశారు?

హాల్లోకి వెళ్లకుండా పెరట్లోకి నడిచింది. ఆపరేటరు అదే పెట్టె మీద ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, ఆ ఫ్యాన్లు ఎందుకు తిరగట్లేదు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఆపమన్నారు."

"ఎప్పుడు?"

"మీ తలుపు మూసిన పూటే. మూడూ కలిపి రోజుకి నాలుగొందల యూనిట్ల పైనే లాగుతాయి. లోపల పైపు అతుకుల దగ్గర కొంచెం కొంచెం గ్యాసు కారుతూనే ఉంటుందమ్మా, అది బయటికి లాగెయ్యడానికే అవి. ఇప్పుడు లోపలే నిండుతోంది. పెరటి పైన పైపులు వెళ్లే మూసిన దారి వెంట, గోడ కన్నాల్లోంచి మీ హాల్లోకి వస్తోంది. నేనైతే లోపల కూర్చోవడం మానేశా."

"ఎవరికీ చెప్పలేదా?"

"నువ్వు తలుపు కోశావని ఎవరికైనా చెప్పానా?" అన్నాడు ఆయన. నిష్ఠూరంగా కాదు, అలసటగా.

పదకొండింటికి తనిఖీవాళ్లు వచ్చారు. పెద్దాఫీసు నుంచి ఒక మేడం, బయటినుంచి నెరిసిన జుట్టు పెద్దాయన. ఇచ్చిన కోటు చాల్లేదేమో, ఆయన చేతులు చంకల్లో దాచుకుని వణుకుతున్నాడు. వెనక ఇంజనీరు, సూపర్‌వైజర్‌. నేరుగా ఆమె దగ్గరికే వచ్చారు.

"ఈవిడే సార్‌ మా శక్తిమిత్ర," అన్నాడు ఇంజనీరు. "ఒక్క తలుపుతో రోజుకి నాలుగొందల యూనిట్లు మిగిల్చింది."

"ఒక్క తలుపుతోనా?" పెద్దాయన కనుబొమలు లేచాయి. "చూపిస్తారా?"

తల ఊపి, అట్ట బాగా కనిపించేచోట ఆగి, ‘ఇదేనండి’ అంటే సరిపోతుంది. వాళ్లు రాసుకుని వెళ్లిపోతారు. ఫొటో గేటు దగ్గరే ఉంటుంది, హాలు ఉంటుంది, నలభైమంది పనీ ఉంటుంది. బెల్టు వెంట నడుస్తుంటే ఒక్కరూ తల ఎత్తలేదు. చివర చెల్లెలు పక్కకి తప్పుకుంది. ఆ పిల్ల కళ్లు ఉబ్బి, కింద రెప్పలు పుండులా ఉన్నాయి.

ఆమె రెండు చేతులూ అట్ట వెనక్కి పోనిచ్చి, ఎత్తి, పక్కన పెట్టింది.

సూపర్‌వైజర్‌ "ఏయ్‌" అన్నాడు.

"నురగ నేనే కోసేశానండి, మంగళవారం," అంది. "రెండు రోజులుగా ఇది మామూలు తలుపే. చలి ఎప్పట్లాగే కారుతోంది. లెక్క మాత్రం తగ్గలేదండి."

గడియ లాగి తలుపు తోసింది. వెలుగు లోపలికి పడింది. పెద్దాయన గడప మీది మంచుని బూటు కొనతో గీకి చూశాడు. తర్వాత తలెత్తి ఎదుటి గోడకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ ఫ్యాన్లు ఎందుకు తిరగడం లేదు?" అని అడిగాడు, ఎవర్నీ ప్రత్యేకంగా కాదు.

అవతల ఆపరేటరు పెట్టె మీంచి లేచి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆపమన్నారండి," అన్నాడు గట్టిగా. "రెండు వారాలయింది."

గంటలోగా హాలు ఖాళీ చేయించారు. అందరూ వెనక తలుపులోంచే బయటికి నడిచారు. చెల్లెలు నిలబడే చోటికి సరిగ్గా పైన, పైపు అతుకు కూడా అరిగిపోయి ఉందని సాయంత్రానికి తెలిసింది.

ఇంటికి పోయే ముందు ఆమెని ఇంజనీరు గదికి రమ్మన్నారు. పని పోయిందనే అనుకుని వెళ్లింది. గదిలో దీపాల్లేవు. కిటికీ తెరిచి ఉంది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"నా గదిలో ఏసీ ఆపేసి నాలుగు నెలలయిందమ్మా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "దీపాలు ఆపాను. వరండాలో ఫ్యాన్లు ఆపాను. ప్రతి నెలా ఇంకా, ఇంకా అని అడుగుతారు. ఇంకేం మిగల్లేదు ఆపడానికి." చేత్తో మెడ తుడుచుకున్నాడు. "సోమవారం మీరొచ్చి వాసన వస్తోందన్నారు చూడండి. అంతకుముందే ఆ పొద్దున నేనూ వెళ్లి నిలబడి చూశాను, మీ చెల్లెలి పక్కన. నాకూ వచ్చింది."

ఆయన మీద అరవాలో జాలిపడాలో ఆమెకి తెలియలేదు. మూడు రోజులుగా తనని పట్టి ఊపిన భయమే ఆ కుర్చీలో కూర్చుని ఉన్నట్టుంది. కాని తను దాన్ని వెంటేసుకుని కత్తి పట్టుకుంది. ఆయన తెర తిప్పి చూపించాడు.

"నిలబడి చూసి కూడా పిల్లని అక్కడే ఉంచారు," అంది. ఆయన జవాబు కోసం ఆగలేదు.

హాలు ఆరు రోజులు మూతపడింది. పిలుస్తారో లేదో తెలియని ఆరు రోజులు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు బజార్లో ఎదురుపడి మొహం తిప్పుకున్నారు. ఏడో రోజు పిలుపొచ్చింది. ఇంజనీరు లేడు. ఏ ఊరికి పంపారో ఎవరూ చెప్పలేదు. బోర్డు మీద అంకె రెండొందల పది. ప్రాణాల కోసం తిరిగే ఫ్యాన్లని ఆదా లెక్కలోంచి తీసేయాలని పెద్దాఫీసు కాగితం పంపిందిట. వెనక కొత్త తలుపు బిగించారు. అంచుల చుట్టూ మెత్తటి రబ్బరు, మధ్యలో అడ్డంగా ఇనుప కడ్డీ. చలి కారదు, కడ్డీ మీద చెయ్యి వేసి తోస్తే చాలు తెరుచుకుంటుంది. ఆ రెండూ ఒకే తలుపుకి కుదురుతాయా అని ముందు ఎవరూ అడగలేదు. సలహా రాసిన ఆమె కూడా.

పని మొదలుపెట్టే ముందు అందరూ ఒకసారి బయటికి వచ్చి చూపించాలన్నారు. సూపర్‌వైజర్‌ గడియారం పట్టుకుని పెరట్లో నిలబడి ఈల ఊదాడు. ఆడవాళ్లు బెల్టులు వదిలి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పకపకలాడుతూ బయటికి వచ్చారు.

"యాభై సెకన్లు!" అన్నాడు సూపర్‌వైజర్‌, గడియారం నొక్కి. "భేషుగ్గా ఉంది. ఇక లోపలికి పదండి."

ఆమె కదల్లేదు.

"మోకాళ్లక్క ఇంకా రాలేదు సార్‌."

ఆవిడ హాలు మధ్యలో ఉంది. బెల్టు అంచు పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఆవిడ నెమ్మదిగా వస్తుందిలే. ఆవిడ కోసం అందరి పనీ ఆపుతామా?"

ఆమె అంది: "ఆవిడ గడప దాటేదాకా గడియారం నొక్కకండి సార్‌."

సూపర్‌వైజర్‌ కోపంగా మిగతావాళ్ల వైపు తిరిగాడు. ఎవరూ లోపలికి కదల్లేదు. బజార్లో మొహం తిప్పుకున్నవాళ్లు కూడా అక్కడే, చేతులు కట్టుకుని, తలుపుకేసి చూస్తూ నిలబడ్డారు. మోకాళ్లక్క రొప్పుతూ గడప దగ్గరికి వచ్చి, కడ్డీ పట్టుకుని, ఒక్కో కాలూ ఎత్తి బయట పెట్టింది.

సూపర్‌వైజర్‌ గడియారం చూశాడు. వాళ్లని చూశాడు. తర్వాత అంకెలు చెరిపి, సున్నాకి తెచ్చాడు.

"సరే," అన్నాడు. "మళ్లీ. అందరూ ఎవరి చోట్లకి వాళ్లు."